రివాల్వర్ రోజూ నడుముకు ఉండాలా?

రొయ్యల చెరువుల మీద రాత్రిళ్లు తిరిగే మా బావగారు లైసెన్సు రివాల్వర్ కొన్న కొత్తలో రోజూ అది పెట్టుకునే బయలుదేరేవారు. భీమవరంలో బ్యాంకు పని, మధ్యాహ్నం పెళ్లి భోజనం, సాయంత్రం గుడి. వెళ్లిన ప్రతిచోటా దాన్ని తీసి కారు అరలో పెట్టడమే. దొంగకు అంతకంటే అనువైన చోటు ఉంటుందా!

మీకూ లైసెన్సు ఉంటే ముందు ఒక పని చేయండి. రెండు వారాలపాటు, రోజుకు ఎన్నిసార్లు దాన్ని ఒంటి మీద నుంచి తీయాల్సి వచ్చేదో క్యాలెండర్ మీద గీతలు పెట్టండి. గీత పడే రోజున అది ఇంట్లో బీరువాలోనే ఉండాలి. రొయ్యలు పట్టి అమ్మిన డబ్బుతో చీకట్లో చెరువు గట్టు మీదుగా రావలసిన రోజు వేరు. (డబ్బు ఖాతాలో వేయించుకుంటే ఆ రోజూ అక్కర్లేదంటుంది మా అక్క. నాకూ అదే సబబనిపిస్తుంది.) మందు పుచ్చుకునే విందైతే లెక్కే అవసరం లేదు. పెళ్లిలో సరదాకు నిర్లక్ష్యంగా కాల్చినా 2019 ఆయుధాల చట్ట సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇంకొకటి, మన ఉప్పుగాలి. చెమట పట్టిన తోలు ఒరలో వారం ఉంచితే బావగారి రివాల్వర్ గొట్టం మీద గోధుమరంగు చుక్కలు తేలాయి. ఇంటికి రాగానే గుళ్లు తీసి, పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, ఒర నుంచి విడిగా తాళంలో పెట్టండి. ఎన్నికలప్పుడు పోలీసు స్టేషనులో అప్పగించమంటే రసీదు తీసుకోవడం మరవకండి.