ఇంటర్ అయిపోయింది: ఊళ్లో ఉండాలా, హైదరాబాద్ పోవాలా?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు నుంచే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. "ఇక్కడేముంది, పట్నం పో" అని మేనమామ, "నువ్వు పోతే పొలం ఎవరు చూస్తారు" అని నాన్న. ఇద్దరూ మన మీద ప్రేమతోనే అంటారు. కానీ ఏం చదవాలో, ఏ పని నేర్చుకోవాలో తేలకముందే ఊరి సంగతి తేల్చుకోకండి. మాది నల్గొండ వైపు చిన్న పల్లె. నేను ముందు బస్సెక్కేసి, హాస్టల్‌లో దిగాక ఏం చదవాలా అని వెతుక్కున్నాను. పత్తి అమ్మిన డబ్బులు ఆరు నెలల్లో ఖర్చయిపోయాయి, ఆ ఏడాది సీటూ లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే రాస్తున్నాను.

మీరనుకున్న డిగ్రీ పక్క టౌన్ ప్రభుత్వ కాలేజీలో ఉందేమో ముందు దోస్త్ (తెలంగాణలో డిగ్రీ సీట్లకు దరఖాస్తు చేసే) సైట్‌లో చూడండి. బీకాం, బీఎస్సీ అయితే చాలా చోట్ల దొరుకుతాయి. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి, రోజూ వెళ్లిరావడానికి అసలు సమస్య బస్సు టైమే. సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికో, అది రోజూ వస్తుందో రాదో నాలుగు రోజులు స్టేజీ దగ్గర నిలబడి చూడండి. అడిగితే అందరూ వస్తుందనే చెప్తారు.

పోవాల్సిందే అనుకుంటే నెల ఖర్చు కాగితం మీద రాయండి: హాస్టల్, బస్‌పాస్, రీఛార్జ్, ఊరికి రానుపోను చార్జీలు, జ్వరమొస్తే మందులు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యంగా రావడం మామూలే, దాని మీద లెక్క వేసుకోవద్దు. హాస్టల్‌కి రాత్రి భోజనం టైములో వెళ్లి, అక్కడ ఉంటున్న పిల్లలతో మాట్లాడి, ఒక్క నెలకే డబ్బు కట్టండి.

ఊరు దాటకముందే కాగితాలు తీసుకోండి, ఇది మాత్రం వాయిదా వేయకండి. తెలంగాణలో జిల్లా స్థాయి ఉద్యోగాలకు స్థానికత చూసేటప్పుడు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారో అడుగుతారు. ఆ బోనఫైడ్‌లు ఇప్పుడే స్కూల్‌కి వెళ్లి తెచ్చుకోండి. చిన్న ప్రైవేటు స్కూళ్లు మూతపడితే ఆ రిజిస్టర్ల కోసం ఎన్ని ఆఫీసులు తిరగాలో మా తమ్ముడిని చూస్తే తెలుస్తుంది. కుల, ఆదాయ సర్టిఫికెట్లు మీసేవలో తీసుకుని, అన్నీ స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి.

ఉండిపోవాలని ఉందా? అది ఓటమి అనేవాళ్ల మాట పట్టించుకోకండి. కాకపోతే ఏడాదిలో ఏం చేస్తారో నాన్నకు చెప్పగలగాలి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు దాదాపు ప్రతి జిల్లాలో ఉన్నాయి. 18 నిండితే పాడి పెంపకం, సెల్‌ఫోన్ రిపేరు, కుట్టుపని లాంటివి భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పిస్తారు. చదువు ఆగకుండా 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ కట్టొచ్చు, పని చేసుకుంటూ చదివేవాళ్లకు అది నిజంగా వరం.

వ్యవసాయమే అంటే మొత్తం పొలం మీద వేసుకోకుండా నాన్నను అరెకరం అడగండి. దుక్కి, విత్తనం, మందు, కూలి, మార్కెట్‌కి ఆటో కిరాయి, ఏది ఖర్చయినా అదే రోజు రాత్రి నోట్‌బుక్‌లో రాయండి. మీ సొంత కష్టానికి కూడా కూలి కట్టండి, మన ఇళ్లలో అందరూ వదిలేసేది అదే. పంట అమ్మాక ఆ నోట్‌బుక్, పట్నం ఖర్చు రాసిన కాగితం రెండూ పక్కపక్కన పెట్టుకుని, అన్నం తిన్నాక తీరిగ్గా అమ్మానాన్నలతో కూర్చోండి.