సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి: ముందు కాగితాలు, తరువాత ఇంజను, చివరికి ధర

నాలుగైదు లక్షల్లో కుటుంబానికి ఒక పాత కారు కొనుక్కోవాలనుకునేవారిలో చాలామంది ముందు రంగూ మోడలూ చూసి మనసు పారేసుకుంటారు, ఆపైన బేరమాడి బయానా ఇస్తారు, అంతా అయ్యాక కాగితాలు అడుగుతారు. ఈ వరుసను పూర్తిగా తిరగెయ్యాలి. ఇంజనులో లోపం ఉంటే దానికి ఎంత ఖర్చవుతుందో ఏ మెకానిక్ అయినా ఇంచుమించుగా చెప్పగలడు, ఆ మేరకు ధర తగ్గించి అడగవచ్చు. ఆర్‌సీలో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, చిక్కు ఉంటే మాత్రం ఖర్చుకు అంచనా ఉండదు, పాత యజమాని సంతకానికి రాకపోతే ఎంత డబ్బు పెట్టినా పని కదలదు.

కార్లు చూడడం మొదలుపెట్టక ముందే డబ్బు లెక్క తేల్చుకోవాలి. చేతిలో అయిదు లక్షలుంటే అయిదు లక్షల కారు వెతకకూడదు. బీమా, పేరు మార్పిడి రుసుము, మొదటి సర్వీసు, అవసరమైతే నాలుగు టైర్లు, బ్యాటరీ, ఇవన్నీ మొదటి రెండు మూడు నెలల్లోనే మీద పడతాయి కాబట్టి పదిహేను నుంచి ఇరవై శాతం పక్కన పెట్టుకుని, మిగిలిన దాంట్లో దొరికే కారునే చూడాలి. అప్పు తీసుకునేవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి, ఎందుకంటే పాత కార్ల రుణానికి వడ్డీ సాధారణంగా కొత్త కార్ల రుణం కంటే ఎక్కువగా ఉంటుంది. ఉదాహరణకు నాలుగు లక్షలు 14 శాతం వడ్డీకి అయిదేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 9,300 రూపాయల చొప్పున మొత్తం వడ్డీయే 1,58,000 దాటుతుంది. అదే అప్పు మూడేళ్ళకు తీసుకుంటే నెలవారీ కిస్తీ 13,700 దగ్గరకు పెరిగినా, వడ్డీ 92,000 దగ్గర ఆగుతుంది. కిస్తీ చిన్నదిగా కనిపిస్తోందని గడువు పెంచుకుంటే, ఏటేటా విలువ తగ్గిపోయే వస్తువు మీద అరవై ఆరు వేలు అదనంగా కట్టినట్టవుతుంది. మూడేళ్ళ కిస్తీ భరించలేని కారు మన స్తోమతుకు మించినదని నా అభిప్రాయం.

కొత్త కారు ధరతో పోల్చుకోవడం కూడా ఈ దశలోనే జరగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలుకు 1200 సీసీ, డీజిలుకు 1500 సీసీ లోపు ఇంజను ఉన్నవి ఈ కోవలోకి వస్తాయి. అందువల్ల అమ్మేవారు తాము నాలుగేళ్ళ క్రితం కట్టిన బిల్లు చూపించి అడిగే ధరకు ఇవాళ అర్థం లేదు. అదే మోడలు నేడు షోరూములో ఎంత పలుకుతోందో కనుక్కుని, అక్కడి నుంచి కిందికి లెక్కించాలి. ఏడాది రెండేళ్ళు మాత్రమే నడిచిన కారుకు కొత్తదానికి దగ్గరగా ధర చెబుతుంటే కొత్తదే మేలు.

ఇంధనం విషయంలో ఒక్క మాట. రోజూ పిల్లల్ని బడికి దింపి కూరగాయలు తెచ్చుకునేవారికి డీజిలు కారు వద్దు. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. తరచుగా హైవే మీద కొంతసేపు వేగంగా నడిపితేనే ఆ మసి కాలిపోతుంది, ఊళ్ళో చిన్న చిన్న దూరాలు మాత్రమే తిరిగితే పేరుకుపోయి ఖరీదైన మరమ్మతుకు దారితీస్తుంది.

ఇక కాగితాలు. కారు దగ్గరకు వెళ్ళక ముందే ఆర్‌సీ, బీమా పాలసీల ఫోటోలు పంపమని అడగాలి, పంపడానికి వెనకాడేవారి దగ్గరకు వెళ్ళనవసరం లేదు. ఆర్‌సీలో మొదట చూడవలసింది అమ్ముతున్న వ్యక్తి పేరూ ఆర్‌సీలోని పేరూ ఒకటేనా కాదా అన్నది. మన దగ్గర ఆటో కన్సల్టెన్సీల ద్వారా చేతులు మారే కార్లలో చాలావాటికి పాత యజమాని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి ఉంటాడు, ఆ కాగితాలతోనే కారు ఇద్దరు ముగ్గురి చేతులు దాటుతుంది. అలాంటి కారు చౌకగా వచ్చినా, ఆర్‌సీలో పేరున్న మనిషితో నేరుగా మాట్లాడనిదే ముందుకు వెళ్ళకూడదు. ఆయన మరణించి ఉంటే వారసులు ఫారం 31 ద్వారా ముందుగా తమ పేరుకు మార్చుకుని, ఆ తరువాతే అమ్మాలి. ఈ లోపు వారసుల్లో ఒకరు రాసిచ్చే స్టాంపు పేపరుతో సరిపెట్టుకోవద్దు.

రెండోది హైపోథికేషన్, అంటే అప్పుకు కారును తాకట్టుగా చూపడం. ఆర్‌సీలో బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ పేరుంటే అప్పు తీరిందన్న నోటిమాట చాలదు, ఆ సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తాకట్టు రద్దుకు సంతకం చేసిన ఫారం 35 ఉండాలి. అప్పు ఇంకా మిగిలి ఉంటే, ఆ మొత్తాన్ని అమ్మేవారి చేతికి కాకుండా నేరుగా రుణ ఖాతాకే జమ చేసి, మిగతాది ఆయనకు ఇచ్చే ఏర్పాటు చేసుకోవాలి. ఇంకా, రిజిస్ట్రేషన్ నంబరుతో కట్టని చలాన్లు ఉన్నాయేమో చూడాలి. కారు వయసు పదిహేనేళ్ళకు దగ్గరపడితే మరో ఖర్చు ఉందని గుర్తుంచుకోవాలి. ఆ గడువు తరువాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి, రిజిస్ట్రేషనును అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి, 2022 ఏప్రిల్‌లో కార్లకు ఆ రుసుమును 5,000 రూపాయలు చేశారు, 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు అది 10,000.

బీమా పాలసీలో చాలామంది చూడని ఒక గడి ఉంది, నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఏడాదిపాటు క్లెయిమ్ లేకపోతే 20 శాతంతో మొదలై, వరుసగా అయిదేళ్ళు లేకపోతే 50 శాతం వరకు అది పెరుగుతుంది. ఆరేళ్ళ కారుకు పాలసీలో బోనస్ సున్నా అని ఉంటే ఈమధ్యే క్లెయిమ్ చేసి ఉండవచ్చు, లేదా మధ్యలో పాలసీ ఆగిపోయి ఉండవచ్చు. ఏది జరిగిందో, ఎందుకు జరిగిందో అడిగి తీరాలి. అన్నట్టు, ఆ బోనస్ మనిషికి చెందుతుంది, కారుకు కాదు. కొన్నవారికి అది రాదు, కాబట్టి మనం కట్టబోయే ప్రీమియాన్ని పాత యజమాని కట్టినదాన్ని బట్టి ఊహించుకోకూడదు.

వేరే రాష్ట్రపు కార్ల మోజు గురించి విడిగా చెప్పాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్ల మీద, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి కార్లు చౌకగా మన ఊళ్ళకు చేరాయి. ఆ ధరకు ఇక్కడి లైఫ్ టాక్స్ కలిపి చూస్తే చాలాసార్లు ఆదా ఏమీ మిగలదు. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ద్వారా ఎన్‌ఓసీ రావాలి, కారు వయసును బట్టి ఇక్కడ పన్ను కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడ కట్టిన పన్నులో వాపసు కావాలంటే మళ్ళీ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. 2014 తరువాత హైదరాబాదు, విజయవాడల మధ్య జరిగే అమ్మకానికీ ఇదే పద్ధతి వర్తిస్తుందన్న సంగతి చాలామంది బేరం కుదిరిన తరువాత తెలుసుకుంటున్నారు. హైదరాబాదు కారు విజయవాడలో యాభై వేలు తక్కువకు వస్తోందంటే, ఆ యాభై వేలు పన్నుకు సరిపోతాయో లేదో ముందే లెక్క వేసుకోవాలి.

కాగితాలు సరిగ్గా ఉన్నాయని తేలాకే కారును చూడడానికి వెళ్ళాలి, అదీ పగటి వెలుతురులో, మెకానిక్‌ను వెంటబెట్టుకుని. మనం వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పాలి. చల్లటి ఇంజను స్టార్ట్ అయ్యే తీరులో దాని ఆరోగ్యం తెలుస్తుంది, ముందే వేడెక్కించిన ఇంజను చాలా లోపాలను దాచేస్తుంది. పొగ నీలంగా వస్తే ఆయిల్ మండుతోందని, నల్లగా వస్తే ఇంధనం సరిగా కాలడం లేదని, ఇంజను వేడెక్కాక కూడా తెల్లగా దట్టంగా వస్తుంటే ఇంజనును చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోందని అనుమానించాలి. ఆయిల్ పోసే మూత అడుగున మజ్జిగలాంటి తెల్లటి జిడ్డు కనిపించినా అదే అనుమానం. బానెట్, డోర్లు, డిక్కీలను పట్టి ఉంచే బోల్టుల తలల మీద పెయింటు చెదిరి ఉంటే వాటిని ఎప్పుడో విప్పారన్న మాట. డోరు గీత పడితే రంగు వేయించడం తప్పు కాదు, కానీ డోర్ల రబ్బరు బీడింగు లాగి చూసినప్పుడు పైకప్పును మోసే పిల్లర్ల దగ్గర వెల్డింగు అతుకులు కొత్తగా కనిపిస్తే ఆ కారు పెద్ద ప్రమాదం చూసిందని అర్థం, అక్కడితో తిరిగి వచ్చేయాలి.

నీట మునిగిన కార్ల మీద నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. వాటితోపాటే ఇళ్ళ ముందు నిలిపిన కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటి కారును కడిగి, సీట్ల గుడ్డ మార్చి, సెంటు చల్లితే పైకి ఏమీ తెలియదు. కానీ వైర్ల కనెక్టర్లలో చేరిన తేమ నెలల తరువాత బయటపడుతుంది, ఒకరోజు పవర్ విండో, మరోరోజు బ్రేకుల ఏబీఎస్ లైటు, ఆపైన ఎయిర్‌బ్యాగ్ లైటు, ఇలా ఒకదాని వెంట ఒకటి చెడిపోతూ ఉంటాయి. సీటు బెల్టును చివరంటా బయటకు లాగి చూడాలి, లోపలి భాగంలో బురద చార ఉంటే దాన్ని ఎవరూ పూర్తిగా కడగలేరు. సీట్ల కింది పట్టాలు, స్టెప్నీ పెట్టే గుంట, డ్యాష్‌బోర్డు అడుగున ఉండే స్క్రూలు తుప్పు పట్టాయేమో చూడాలి. కార్పెట్టు మూల లేపి వాసన చూడాలి. ఆ వరదలకు ముందు కొన్న కారై, ఆ నగరాల నుంచే వస్తుంటే, కంపెనీ సర్వీసు సెంటరు నుంచి సర్వీసు హిస్టరీ తెప్పించమని పట్టుబట్టాలి.

నడిచిన కిలోమీటర్లు తక్కువగా కనిపించేలా మీటరు తిప్పడం గురించి కూడా ఆ హిస్టరీయే నిజం చెబుతుంది. ప్రతి సర్వీసులో నమోదైన కిలోమీటర్లు క్రమంగా పెరుగుతూ రావాలి. హిస్టరీ లేనప్పుడు క్లచ్, బ్రేకు పెడళ్ళ రబ్బరు, స్టీరింగు మీద అరుగుదల, డ్రైవరు సీటు కుంగుదల చూసి పోల్చుకోవాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీని కూడా చదవాలి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైనదని అర్థం. టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైర్లను మార్చవలసినవిగానే లెక్కవేసి ధరలోంచి తగ్గించాలి.

బేరం కుదిరాక అందరూ తొందరపడతారు, చట్టం మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో బదిలీ విషయాన్ని రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి, ఇందుకు ఫారం 29, ఫారం 30 వాడతారు. ఫారాలను ఇద్దరూ కలిసి, తేదీతో సహా పూర్తిగా నింపి సంతకాలు చేసుకోవాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. కొంత మొత్తాన్ని ఆర్‌సీలో పేరు మారే వరకు ఆపుకుంటామని ముందే మాట్లాడుకుని ఒప్పంద పత్రంలో రాసుకుంటే ఇద్దరికీ భరోసా ఉంటుంది. బీమా కంపెనీకి కూడా 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండే థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటే కొన్నవారికి వస్తుంది గానీ, మన కారుకు జరిగే నష్టం మీద క్లెయిమ్ చేయాలంటే పాలసీ మన పేరున ఉండాలి.

అమ్మేవారు ఈ విషయంలో మరింత పట్టుదలగా ఉండాలి. ఎన్నో చేతులు మారినా ఆర్‌సీలో పేరు మాత్రం మారని ఒక కారు ప్రమాదం చేసిన కేసులో, నష్టపరిహారానికి ఆర్‌సీలో పేరున్న వ్యక్తే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కారు అమ్మేసి, డబ్బు తీసుకుని, తాళాలు ఇచ్చేసినా బాధ్యత మాత్రం మన దగ్గరే ఉండిపోగలదు. అందుకే కారు అప్పగించినట్టు రాసుకునే డెలివరీ నోటు మీద తేదీతోపాటు గంట, నిమిషం కూడా రాసి, కొన్నవారి ఆధార్ నకలు జతచేసి, ఫారం 29 ఆర్‌టీఏ కార్యాలయానికి చేరినట్టు రసీదు దాచుకోవాలి. డీలరుకు అమ్మేటట్లయితే, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆయన అధీకృత డీలరో కాదో కనుక్కుని, బండి అప్పగించిన సంగతిని ఫారం 29సీ ద్వారా నమోదు చేయించాలి. ఫాస్టాగ్‌ను అదే రోజు మూయించాలి, లేదంటే కొత్త యజమాని దాటిన టోలుకు మన ఖాతాలో డబ్బు కోతపడుతుంది. నెల గడిచాక రవాణా శాఖ వెబ్‌సైటులో నంబరు కొట్టి, అక్కడ మన పేరు పోయి కొన్నవారి పేరు వచ్చిందో లేదో చూసుకోవాలి. ఇంకా రాకపోతే ఆ రసీదుతో ఆర్‌టీఏ కార్యాలయానికి స్వయంగా వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.