క్యానిస్టర్ ఫిల్టర్ కొనేటప్పుడు మూత, వాషర్, ఇంపెల్లర్ చూసి కొనండి

క్యానిస్టర్ ఫిల్టర్ అంటే చేపల ట్యాంకు నీళ్లను పైపుతో కిందికి తెచ్చి, శుభ్రం చేసి, తిరిగి పైకి పంపే మూత డబ్బా. షాపులో దాన్ని అడిగితే ముందు చూపించేది పెట్టె మీది అంకె. "గంటకు వెయ్యి లీటర్లు సార్, మీ మూడడుగుల ట్యాంకుకు ఎక్కువే" అంటారు. ఆ అంకె లోపల స్పాంజి, రింగులు (బ్యాక్టీరియా పట్టే చిన్న సిరామిక్ ముక్కలు) ఏమీ లేకుండా, ఖాళీ డబ్బాతో కొలిచింది. రింగులు నింపి, పైపులు తగిలించి, ఒక నెల మురికి పట్టాక అందులో సగం వస్తే అది మంచి ఫిల్టరే. అయితే వేగం కంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. వంద, రెండొందల లీటర్ల నీళ్లు మీ హాల్లో నేలమీద పడకుండా ఆపేది ఒక్క రబ్బరు వాషర్. ఆ వాషర్, మూత క్లిప్పులు, పైపుల దగ్గరి వాల్వులు, లోపలి ఇంపెల్లర్ (నీళ్లను నెట్టే రెక్కల చక్రం) గట్టిగా ఉండాలి. రెండేళ్ల తర్వాత పాడైతే విడిగా దొరకాలి కూడా. ఆ రెండూ ఉన్న మోడల్నే నమ్మండి.

అసలు మీకు క్యానిస్టర్ అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. రెండడుగుల ట్యాంకులో గప్పీలు, మోలీలు పెంచుకునేవారికి మంచి స్పాంజి ఫిల్టరో, వెనక తగిలించే హ్యాంగింగ్ ఫిల్టరో చాలు. ఫైటర్ చేప ఒక్కటే ఉన్న తొట్టికి క్యానిస్టర్ పెడితే ఆ ప్రవాహానికి చేప అలసిపోతుంది. మూడడుగులు దాటిన ట్యాంకు, మొక్కల ట్యాంకు, గోల్డ్ ఫిష్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి బాగా తిని బాగా మురికి చేసే చేపలు ఉన్నప్పుడే దీనికి పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది.

ట్యాంకులో నీళ్లెన్ని, ఫిల్టర్ ఎంత

పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో కొలిచి గుణించి 61తో భాగించండి. 36 × 12 × 18 ట్యాంకు 127 లీటర్లు. పైన రెండంగుళాల ఖాళీ, కింద రెండంగుళాల గులకరాళ్లు తీసేస్తే నిజంగా తిరిగే నీళ్లు దాదాపు 100 లీటర్లు. 48 × 18 × 18 ట్యాంకు లెక్కకు 255, నిజానికి దాదాపు 200.

చిన్న చేపలు, మొక్కలు ఉన్న ట్యాంకులో ఈ నీళ్లు గంటకు నాలుగైదు సార్లు ఫిల్టర్ గుండా తిరిగితే సరిపోతుంది. గోల్డ్ ఫిష్, ఆస్కార్ లాంటి పెద్ద సిక్లిడ్లు ఉంటే ఏడెనిమిది సార్లు కావాలి. అంటే 100 లీటర్ల నీళ్లున్న మూడడుగుల ట్యాంకుకు నిజంగా అందాల్సింది గంటకు 400 నుంచి 500 లీటర్లు. పెట్టె మీద 800 నుంచి 1000 రాసి ఉన్నది తీసుకోండి. అదే ట్యాంకులో గోల్డ్ ఫిష్ ఉంటే ఇంకో సైజు పైకి వెళ్లాలి.

దీనికి మినహాయింపు ఒకటుంది. జర్మనీ కంపెనీ ఐహైమ్ తన క్లాసిక్ 2213ను 250 లీటర్ల ట్యాంకు వరకు పనికొస్తుందని అమ్ముతుంది. దాని పంపు గంటకు 440 లీటర్లే. వాళ్ల లెక్క వేరు: నీళ్లు నెమ్మదిగా పోతూ ఎక్కువ మీడియాను (డబ్బాలో నింపే స్పాంజి, రింగులను) తాకాలి. ఇందులో సగం నిజం ఉంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రింగుల మీద ఉంటుంది, పంపులో ఉండదు. అందుకే డబ్బాలో మీడియా ఎన్ని లీటర్లు పడుతుందో అడగండి. 100 లీటర్ల నీళ్లకు రెండు మూడు లీటర్ల మీడియా పట్టాలి. పంపు పెద్దది, డబ్బా చిన్నది అయితే ఆ ఫిల్టర్ నీళ్లను తిప్పుతుందే గానీ శుభ్రం చేయదు.

స్టాండు ఎత్తు గురించి అనవసరంగా భయపడతారు. రెండు పైపుల కొసలూ నీళ్లలోనే ఉంటే కిందికి దిగే నీళ్ల బరువే పైకెక్కే నీళ్లకు సాయం చేస్తుంది. పంపు నెగ్గాల్సింది పైపుల్లో, మీడియాలో ఉండే రాపిడిని మాత్రమే. కాబట్టి పైపు పొట్టిగా, మెలికలు లేకుండా ఉండటం ముఖ్యం. ఎత్తు పెరిగేకొద్దీ వాషర్ మీద ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. అందుకే నీటిమట్టానికి ఫిల్టరుకు మధ్య కంపెనీ చెప్పిన ఎత్తు దాటకూడదు.

షాపులోనే మూత తీసి చూడండి

పెట్టె విప్పనివ్వని షాపులో కొనకండి. మూత తీసి వాషర్ బయటికి తీయండి. అది గుండ్రటి రబ్బరు తాడులా ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని చుట్టూ ఒకసారి జార్చండి. అతుకు దగ్గర గరుకు, గాటు, చదునైన చోటు ఏది తగిలినా అక్కడే కారుతుంది. సాగదీసి వదిలితే వెంటనే మామూలు పొడవుకు రావాలి. తర్వాత అది కూర్చునే గాడిలో వేలు తిప్పండి. ప్లాస్టిక్ పోతలో మిగిలిన చిన్న అంచు కూడా ఉండకూడదు.

క్లిప్పులు నాలుగూ వేసి తీసి చూడండి. ఒకటి వదులుగా, ఒకటి బిగుతుగా ఉంటే మూత ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. చవక ఫిల్టర్లలో ముందు విరిగేవి క్లిప్పులే, అందుకే అవి విడిగా దొరుకుతాయా అని అడగండి.

నీళ్లు లోపలికి, బయటికి వెళ్లే పైపులకు వాల్వులు ఉండాలి, పైపులతో సహా ఆ భాగం ఊడివచ్చేలా ఉండాలి. లేకపోతే కడిగిన ప్రతిసారీ బకెట్లు, తువ్వాళ్లు, తడిసిన స్టాండు. ప్లైవుడ్ స్టాండు ఇలా రెండేళ్లు తడిస్తే ఉబ్బిపోతుంది.

ఇక ఇంపెల్లర్. మోటారు కింద చిన్న మూత తిప్పితే అయస్కాంతం, రెక్కలు, వాటి మధ్య సన్నటి సిరామిక్ కడ్డీ బయటికొస్తాయి. ఈ కడ్డీ సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది. విరిగితే ఫిల్టర్ గలగలమంటుంది, తర్వాత ఆగిపోతుంది. దొరకని ఇంపెల్లర్ ఉన్న ఫిల్టర్ ఎంత చవకైనా వద్దు. కొనే రోజే ఒక ఇంపెల్లర్ సెట్టు, ఒక వాషర్ అదనంగా తీసుకోండి. షాపతను "తెప్పిస్తాం" అంటే తెప్పించాకే ఫిల్టర్ కొనండి.

పైపు సైజు కూడా చూడండి. లోపల 12, బయట 16 మిల్లీమీటర్ల మామూలు గొట్టం పట్టే ఫిల్టర్ అయితే గొట్టం గట్టిపడినప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. ఫ్లూవాల్ లాంటి వాటికి మడతల గొట్టం వస్తుంది. అది మెలిక పడదు, బాగుంటుంది, కానీ మళ్లీ అదే కంపెనీ గొట్టం వెతకాలి.

ఏ మోడల్

చేతిలో డబ్బుంటే, పదేళ్లు వాడాలనుకుంటే ఐహైమ్ క్లాసిక్ 2213. 8 వాట్ల మోటారు, చప్పుడు దాదాపు వినిపించదు. ఇబ్బంది ఏమిటంటే నీళ్లు ఎక్కించే బటన్ లేదు, గొట్టం నోటితో పీల్చి సైఫన్ మొదలుపెట్టాలి. లోపల మీడియా పెట్టే బుట్టలు కూడా ఉండవు. తరచూ కడగాల్సివచ్చే పెద్ద చేపల ట్యాంకుకు ఓయాసే బయోమాస్టర్ సుఖం. అందులో ముందు స్పాంజి విడిగా బయటికొస్తుంది, మొత్తం డబ్బా విప్పక్కర్లేదు.

మన దగ్గర ఎక్కువ ఇళ్లలో ఉన్నవి సన్‌సన్ ఫిల్టర్లు. హెచ్‌డబ్ల్యూ 302 పెట్టె మీద గంటకు 1000 లీటర్లు, 18 వాట్లు. మూడడుగుల ట్యాంకుకు అది సరైన సైజు. 303బి, 304బిలలో యూవీ బల్బు ఉంటుంది. యూవీ పచ్చగా మారిన నీళ్లను తేటపరుస్తుంది, అద్దం మీద పట్టిన నాచును ఏమీ చేయదు. పైగా కారడానికి ఇంకో చోటు, మార్చడానికి ఇంకో బల్బు. ఎండ పడని గదిలో ట్యాంకు ఉంటే యూవీ లేనిదే తీసుకోండి.

కరెంటు బిల్లు సంగతి కూడా చూసుకోండి, ఇది 24 గంటలూ నడిచేది. 18 వాట్ల ఫిల్టర్ నెలకు 13 యూనిట్లు తింటుంది, 8 వాట్లది 6 యూనిట్ల లోపు.

నింపడం, బిగించడం

నీళ్లు ముందు గరుకు స్పాంజిని, తర్వాత సన్న స్పాంజిని, ఆ తర్వాత రింగులను తాకాలి. చాలా క్యానిస్టర్లలో నీళ్లు కిందికి దిగి అక్కడినుంచి పైకి వస్తాయి, కాబట్టి గరుకు స్పాంజి కింది బుట్టలో ఉండాలి. దీన్ని తిరగేసి నింపేవాళ్లు చాలామంది. అప్పుడు రింగుల సందుల్లో మురికి పేరుకుని రెండు నెలల్లో ప్రవాహం పడిపోతుంది. ఫిల్టరుతో వచ్చే నల్ల బొగ్గు నెలలోపే పనితనం కోల్పోతుంది. చేపలకు మందు వేసి ఆ మందు నీళ్లలోంచి తీసేయాల్సినప్పుడు తప్ప దాని చోటు కూడా రింగులకే ఇవ్వండి.

వాషరుకు పలచగా సిలికాన్ గ్రీజు రాయండి. కొబ్బరి నూనె, వాసెలిన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బి వదులవుతుంది. మొదటి 24 గంటలు ఫిల్టరును ప్లాస్టిక్ టబ్బులో పెట్టి నడపండి, కింద పొడి న్యూస్‌పేపర్ వేయండి. చుక్క పడినా కాగితం చెబుతుంది.

నీళ్లు పీల్చే జల్లెడను అడుగుదాకా దింపకండి. పైపు ఊడితే నీళ్లు ఆ జల్లెడ మట్టం దాకా కారిపోతాయి. నాలుగంగుళాలు పైనుంచితే చేపలకు ఆ నాలుగంగుళాల నీళ్లయినా మిగులుతాయి. కరెంటు వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారే నీళ్లు ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గర రాలతాయి.

పాత ఫిల్టర్ ఉంటే వెంటనే తీసేయొద్దు. నాలుగు వారాలు రెండూ కలిపి నడపండి. కొత్త రింగుల మీద బ్యాక్టీరియా పట్టేలోపు పాతది తీసేస్తే అమ్మోనియా పెరిగి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

నిజంగా ఎన్ని లీటర్లు వస్తున్నాయి

లీటరు వాటర్ బాటిల్, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. నీళ్లు పడే పైపు కొసను ట్యాంకు అంచుదాకా ఎత్తి బాటిల్‌లోకి పట్టండి. 3600ను నిండడానికి పట్టిన సెకన్లతో భాగించండి. 8 సెకన్లు పడితే గంటకు 450 లీటర్లు. కొత్తలో ఈ లెక్క ట్యాంకు వెనక రాసిపెట్టుకోండి. మూడోవంతు తగ్గినప్పుడు స్పాంజి కడగాలి. తారీకు చూసి కాదు, ఈ కొలత చూసి కడగండి.

కడిగేది ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, కుళాయి కింద రింగులు పెడితే నెలల తరబడి పెరిగిన బ్యాక్టీరియా చచ్చిపోతుంది. స్పాంజి పిండండి, రింగులను బకెట్లో రెండుసార్లు ముంచి తీయండి, అంతే. రెండూ ఒకే రోజు చేయకపోతే ఇంకా మంచిది.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంపెల్లర్ మీద తెల్లటి పొర పేరుకుంటుంది, మోటారు గుర్రుమంటుంది. ఇంపెల్లరును సగం వెనిగర్, సగం నీళ్లలో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి పెట్టండి. కొత్తగా బిగించిన ఫిల్టర్ గలగలమంటే చాలావరకు గాలి చిక్కుకుందన్నమాట. నడుస్తుండగానే డబ్బాను మెల్లగా అటూ ఇటూ ఒరిగిస్తే బుడగలు వెళ్లిపోతాయి.

కరెంటు పోతే

క్యానిస్టర్ మూసి ఉన్న డబ్బా. కరెంటు పోయిన నిమిషం నుంచి లోపలి బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌తోనే బతకాలి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో దాదాపు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, మన వేసవిలో ట్యాంకు 32కు చేరినప్పుడు 7.3 మాత్రమే. రెండు మూడు గంటల కోత దాటితే డబ్బాలో కుళ్లు మొదలవుతుంది.

ఫిల్టరును ఇన్వర్టర్ లైనుకు కలపడం ఉత్తమం, 18 వాట్లంటే చిన్న బల్బు వాడినంతే. సైన్ వేవ్ ఇన్వర్టర్ కావాలి. స్క్వేర్ వేవ్ మీద ఈ మోటార్లు మోతగా తిరిగి వేడెక్కుతాయి. ఇన్వర్టర్ లేకపోతే, కోత పొడుగయ్యేలా ఉంటే డబ్బా విప్పి రింగుల బుట్టలను ట్యాంకు నీళ్లున్న బకెట్లో పెట్టి బ్యాటరీ ఎయిర్ పంపు వదలండి.

చాలాసేపు ఆగిన ఫిల్టరును కరెంటు రాగానే నడవనివ్వకండి. ప్లగ్గు తీసి, డబ్బాలో నిలిచిన నీళ్లు పారబోసి, మీడియాను ట్యాంకు నీళ్లలో జాడించి, అప్పుడు వేయండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే రెండుసార్లు జాడించండి. ఊరెళ్లే అలవాటున్న ఇంట్లో ఈ పని చేసేవాళ్లు ఉండరు కాబట్టి, అదే ట్యాంకులో ఒక చిన్న స్పాంజి ఫిల్టర్ బ్యాటరీతోనూ నడిచే ఎయిర్ పంపు మీద ఎప్పుడూ పెట్టి ఉంచండి.