శ్రమకాలంలో రోజూ వాక్యధ్యానం: ఇంట్లో మీ అంతట మీరే ఎలా చేసుకోవాలి?

లెంట్, అంటే ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం. ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, నల్లగొండలో అయినా జడ్చర్లలో అయినా, వాట్సాప్ గ్రూపుల్లో "లెంట్ ధ్యానం, మొదటి రోజు" అంటూ పొడుగాటి మెసేజ్‌లు మొదలవుతాయి. మొదటి వారం శ్రద్ధగా చదువుతాం. ఆ తర్వాత చదవకుండానే "ఆమెన్" పెట్టేస్తాం, ఇంకొన్నాళ్లకు ఆ గ్రూపు మ్యూట్‌లోకి పోతుంది. మెసేజ్ రాసినాయన తప్పేం లేదు. ఆయన బైబిల్ ముందు కూర్చుని ఆలోచించుకున్నాడు, రాసుకున్నాడు, ఆయన ధ్యానం అయిపోయింది. మన ధ్యానం మనమే చేసుకోవాలి, దానికి పాస్టర్ చదువు అక్కర్లేదు, రోజుకు ఒక పావుగంట, పది పదిహేను వచనాలు ఉంటే సరిపోతుంది. ఎలాగో చెప్తాను.

ముందు రోజులు లెక్క పెట్టుకోండి

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా క్యాలెండర్‌లో 46 రోజులు వస్తాయి, అందులో 6 ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం ప్రభువు లేచిన రోజు కాబట్టి దాన్ని ఉపవాసం లెక్కలో కలపరు. 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. 2027లో అయితే ఫిబ్రవరి 10, మార్చి 28.

కతోలికులు దీన్ని తపస్సుకాలం అంటారు, నుదుట విభూతి పెట్టించుకుని మొదలుపెడతారు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకు శ్రమకాలం, లెంట్ అన్న మాటలు అలవాటు. పాలమూరు వైపు ఎక్కువగా ఉన్న ఎంబీ (మెన్నోనైట్ బ్రెదరెన్), బాప్టిస్టు సంఘాలకు ఆ పాత మిషనరీల నుంచి ఈ క్యాలెండర్ ఆచారం పెద్దగా రాలేదు, అయినా ఇప్పుడు అక్కడ కూడా చాలాచోట్ల "నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు" జరుగుతున్నాయి. మీరు ఏ సంఘమైనా కింద చెప్పే పద్ధతి పనికొస్తుంది, నుదుట బూడిద ఉండాలా వద్దా అన్న గొడవ నాకొద్దు.

ఒకే పుస్తకం పట్టుకోండి

రోజుకో చోట బైబిల్ తెరిచి, కళ్లు ఎక్కడ పడితే అక్కడ చదివే అలవాటు చాలామందికి ఉంది. ఈ నలభై రోజులకు మాత్రం దాన్ని పక్కన పెట్టండి. మార్కు సువార్త తీసుకోండి, నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు, కథ కూడా ఆగకుండా పరుగెడుతుంది.

మొదటి నాలుగు రోజులు, అంటే బుధవారం నుంచి శనివారం దాకా, మార్కు జోలికి పోకుండా ఈ నాలుగు భాగాలు చదవండి: యోవేలు 2వ అధ్యాయం 12 నుంచి 18 వచనాలు, మత్తయి 6లో మొదటి 18 వచనాలు, యెషయా 58, కీర్తన 51. ఉపవాసం ఎందుకు, ఎలా ఉండాలి, ఎలాంటి ఉపవాసం దేవుడికి నచ్చదు అన్నది ఈ నాలుగింట్లోనే ఉంది. (కతోలికుల పవిత్ర గ్రంథంలో కొన్నిచోట్ల కీర్తనల, వచనాల నంబర్లు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, కంగారు పడకండి.)

తర్వాత అయిదు వారాలు, వారానికి ఆరు రోజుల చొప్పున 30 రోజులు. మార్కు 1 నుంచి 10 దాకా పది అధ్యాయాలు. ఒక్కో అధ్యాయానికి మూడు రోజులు, లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి. రోజుకు తొమ్మిది నుంచి పంతొమ్మిది వచనాల మధ్య పడుతుంది. మధ్యలో ఆదివారాలు గుడిలో చదివే పాఠమే ఆ రోజు ధ్యానం అనుకోండి. చివరి వారం సంగతి తర్వాత చెప్తాను.

టైము, చోటు

పొద్దుగాలే మంచిది అని అందరూ చెప్తారు. మార్కు 1:35లో యేసు కూడా ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ఒంటరి చోటుకు పోయి ప్రార్థించాడని ఉంది. కానీ మన ఊళ్ల సంగతి కూడా చూడాలి కదా. యాసంగి వరి పొట్టకొచ్చే రోజులు, పొలానికి నీళ్లు పెట్టేవాళ్లు ఏ టైంలో లేస్తారో వాళ్లకే తెలియదు. ఎండలు ముదిరితే ఉపాధి పనికి తెల్లారకముందే బయల్దేరాలి. మిల్లులో నైట్ డ్యూటీ చేసి వచ్చినాయనను పొద్దున అయిదింటికి లేపి వాక్యం చదవమంటే అది ఆయనకు ధ్యానం అవదు, శిక్ష అవుతుంది. మీ రోజులో మీకు నిజంగా చేతిలో ఉండే పావుగంట ఏదో చూసుకోండి: పిల్లలు బడికి పోయాకో, మధ్యాహ్నం తిన్నాకో, హైదరాబాద్ బస్సులో సీటు దొరికాకో. ఏదైనా పర్వాలేదు గానీ రోజూ అదే టైము ఉండాలి, రోజుకో టైము అనుకుంటే నాలుగో రోజుకే జారిపోతుంది.

2026లో, 2027లో రంజాన్ ఉపవాసాలు కూడా దాదాపు ఇవే రోజుల్లో మొదలవుతాయి, కాబట్టి మసీదుకు దగ్గర ఇల్లున్నవాళ్లకు సహెరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే తిండి) వేళకు అలారం కూడా పెట్టుకునే పని లేదు.

ఫోన్‌లో చదివితే నోటిఫికేషన్లు ఆపేయండి. వీలైతే పుస్తకమే తెరవండి.

చదవడం: గొంతు విప్పి, రెండుసార్లు

మొదటిసారి మామూలుగా, కథ తెలుసుకోవడానికి చదవండి. రెండోసారి నెమ్మదిగా, మీ చెవికి వినపడేలా బయటికి చదవండి. పాత అనువాదంలో గ్రాంథికం కాబట్టి కళ్లతో చదివితే సగం మాటలు జారిపోతాయి, నోటితో చదివితే ఆగుతాయి. చదువు రాని అవ్వకో తాతకో అయితే మనవడితో చదివించండి, లేదా బైబిల్ యాప్‌లో తెలుగు ఆడియో ఉంటుంది, అది పెట్టండి. ఇద్దరికీ లాభమే.

రెండోసారి చదివేటప్పుడు ఎక్కడో ఒకచోట ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది, "ఇదేంటి ఇట్ల ఉంది" అనిపిస్తుంది. అక్కడ ఆగండి. ఆ రోజుకు అదే మీ వాక్యం. అక్కడి నుంచి మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇక్కడ నిజంగా ఏం జరిగింది? ఇందులో నేను ఎవరి చోట ఉన్నాను? ఈ రోజు చీకటి పడేలోపు నేను చేయాల్సింది ఏంటి?

ఒక వచనం మీద చేసి చూపిస్తాను. మార్కు 15:21. సైనికులు యేసును సిలువ వేయడానికి తీసుకుపోతున్నారు. కురేనీయుడైన సీమోను అనే మనిషి, అలెక్సంద్రు, రూఫు అనేవాళ్ల తండ్రి, పల్లె నుంచి వస్తూ ఆ దారిన పోతున్నాడు. అతన్ని బలవంతం చేసి సిలువ మోయించారు. ఇంతే ఉంది, ఒక్క వచనం.

ఏం జరిగింది? సీమోనును ఎవరూ అడగలేదు. "కొంచెం సాయం పట్టు" అనలేదు. పల్లె నుంచి వస్తున్నవాడు, తన పని మీద పోతున్నవాడు, ఆయుధాలున్నవాళ్లు పట్టుకుని మోయమన్నారు, మోశాడు. అతను ఏమన్నాడో మార్కు ఒక్క ముక్క కూడా రాయలేదు. మన జిల్లాల్లో దీన్ని ఇంకొకరు విడమరిచి చెప్పాలా? ఇది వెట్టి. దొర గడి నుంచి మనిషి వస్తే చేస్తున్న పని వదిలి పోవాల్సిందే, కూలి ఉండదు, కాదనే మాట ఉండదు. 1946 నుంచి 51 దాకా నల్లగొండ పల్లెలు సాయుధ పోరాటంలోకి దిగడానికి ఈ వెట్టి పెద్ద కారణం. ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల నాయినో తాతో చేసిన వెట్టి కథలు ఇప్పటికీ చెప్తారు. సిలువ మోసిన భాగ్యం సీమోనుది అని ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం, తర్వాత అది భాగ్యమే అయిందేమో, అతని కొడుకుల పేర్లు మార్కు రాసిపెట్టాడంటే ఆ పిల్లలు విశ్వాసులకు తెలిసినవాళ్లే అయి ఉండాలి. కానీ ఆ శుక్రవారం నాడు మాత్రం అది బలవంతపు మోత. ఆ సంగతి దాటేసి నేరుగా భాగ్యం దగ్గరికి పోతే వాక్యం చదివినట్టు కాదు.

నేను ఎవరి చోట ఉన్నాను? ఇక్కడ మనందరికీ సీమోను అవ్వాలనే ఉంటుంది. కాస్త నిజాయితీగా చూసుకుంటే ఒక్కోసారి మోయించేవాళ్ల చోట కనపడతాం. ఈ నలభై రోజులు సాయంత్రం కూడిక మన ఇంట్లో పెట్టుకుంటాం, యాభై మంది వస్తారు, ఉపవాసం మనది, ప్రార్థన మనది, ఉపవాసం విడవడానికి వంట మాత్రం పొద్దున నాలుగింటి నుంచి కోడలిది. ఆమెను ఎవరైనా అడిగారా?

చీకటి పడేలోపు ఏం చేయాలి? అంత చెప్పుకున్నాక ఇక ఇది తేలికే. కూడిక రోజు గిన్నెలు మీరు తోమండి, లేదా వచ్చినవాళ్లకు చాయ్, బిస్కెట్ చాలు అనండి. ప్రార్థనలో ఏడవడం కంటే ఇది కష్టం, నాకు తెలుసు.

ప్రతి భాగానికీ ఇంత దొరకదు. కొన్ని రోజులు ఏమీ తట్టదు, పర్వాలేదు, చదివి లేవండి. కొన్ని మాత్రం మన నేల మీదే రాసినట్టు ఉంటాయి. మార్కు 4లో విత్తనాల కథ పాలమూరు రాతి చెలకల్లో విత్తనం వేసినవాళ్లకు ఒక్కసారి చదవగానే అర్థమవుతుంది. మార్కు 5లో పన్నెండేళ్ల జబ్బుతో ఉన్నదంతా వైద్యులకు ఖర్చు పెట్టి ఏమీ నయం కాని ఆమెను, ఆస్పత్రికి పొలం అమ్ముకున్న ఇల్లు ఏదైనా గుర్తుపడుతుంది.

ఒక్క లైను రాయండి

పిల్లల పాత నోట్‌బుక్‌లో ఖాళీ పేజీలుంటాయి, అవి చాలు. తేదీ, వచనం నంబరు, చేయాల్సిన పని ఒక్క లైన్లో. "కూడిక రోజు వంట తగ్గించాలి" అని రాస్తే చాలు, "ప్రేమ కలిగి ఉండాలి" అని రాయకండి, అది ఎవరైనా ఎప్పుడైనా రాసే మాట, రేపు పొద్దున చేశారో లేదో తేల్చడం కుదరదు. మర్నాడు చదవడానికి ముందు నిన్నటి లైను చూసుకోండి. చేశారా, లేదా. చేయకపోతే ఇవాళ మళ్లీ అదే రాయండి.

స్టేటస్‌లో మాత్రం పెట్టొద్దు. ఉపవాసం చేసేటప్పుడు తల అంటుకుని ముఖం కడుక్కోమని, మనుషులకు కనపడేలా చేయొద్దని మత్తయి 6లో రెండో రోజే చదివాం కదా.

ఉపవాసం, పిడికెడు బియ్యం

కతోలిక నియమం ప్రకారం 18 ఏళ్లు నిండినవాళ్లు 59 ఏళ్ల దాకా భస్మ బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఉపవాసం ఉండాలి, 14 నిండిన దగ్గర నుంచి ఈ కాలపు శుక్రవారాల్లో మాంసం మానాలి. మిగతా సంఘాల్లో ఎవరి తీర్మానం వాళ్లది, కొందరు సాయంత్రం దాకా, కొందరు ఒంటిపూట. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా పూట మానొద్దు. ఎండలో పనిచేసేవాళ్లు నీళ్లు అసలే మానొద్దు. పూట మానలేనివాళ్లు సీరియలో, చాయో, కోపమో ఏదో ఒకటి మానుకోవచ్చు.

మానిన పూట బియ్యం ఎటుపోయింది అన్నది ముఖ్యం. మన సంఘాల్లో పిడికెడు బియ్యం అలవాటు ఉంది కదా, వండే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయడం, ఈ నలభై రోజులు దాన్ని పట్టుదలగా చేసి, చివరి వారంలో మీ వీధిలోనే అవసరం ఉన్న ఇంటికి ఇవ్వండి. యెషయా 58 అడిగేది అదే, ఆకలైనవాడికి నీ ఆహారం పెట్టమని.

పిల్లలుంటే

మార్చిలో పదో తరగతి పరీక్షలు. పరీక్ష రాసే పిల్లకు అయిదు వచనాలు చాలు, అంతకంటే టెన్షన్ పెట్టకండి. చిన్నవాళ్లకు ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నాలు ఖాళీనే, అప్పుడు కథ చదివి "ఇందులో నీకు ఎవరు నచ్చలేదు?" అని అడగండి. ఎవరు నచ్చారంటే "యేసయ్య" అని తడుముకోకుండా చెప్పేస్తారు, నచ్చనివాళ్లను అడిగితే ఆలోచిస్తారు.

చివరి వారం

మట్టల ఆదివారం, అంటే ఈస్టర్ ముందు ఆదివారం, మార్కు 11లో మొదటి 11 వచనాలు. సోమవారం ఆ అధ్యాయంలో మిగతాది. మంగళవారం 12, 13 రెండూ, కొంచెం పెద్ద రోజు అది. బుధవారం 14లో మొదటి 11 వచనాలే, ఒకామె ఖరీదైన అత్తరు పోయడం, యూదా డబ్బుకు ఒప్పుకోవడం పక్కపక్కనే ఉంటాయి. గురువారం 14లో మిగతా భాగం రాత్రి పూట చదవండి, పేతురు ఏడుపు దగ్గర ఆగిపోండి. శుక్రవారం 15లో 41వ వచనం దాకా. గుడిలో ఏడు మాటల (యేసు సిలువ మీద పలికినవి) ఆరాధనకో స్లీవ మార్గానికో (సిలువ దారిని తలుచుకుంటూ చేసే ప్రార్థన) పోతారు కాబట్టి ఇంట్లో ఎక్కువ పెట్టుకోకండి, ఏడు మాటల్లో ఒక్కటి ఎంచుకుంటే చాలు. యోహాను 19:28లో "నేను దప్పిగొనుచున్నాను" అన్న మాట, ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంగిపోయినవాళ్లున్న మర్రిగూడ లాంటి చోట్ల, వేరే వివరణ లేకుండానే సరిపోతుంది. శనివారం 15:42 నుంచి 47, ఆరే వచనాలు. ఈస్టర్ పొద్దున 16.

రోజులు తప్పితే

తప్పుతాయి. పెళ్లిళ్లు, జ్వరాలు, మోటారు కాలిపోవడం, ఏదో ఒకటి వస్తుంది. తప్పిన రోజులవి కలిపి ఒకేసారి చదివి అప్పు తీర్చినట్టు చేయకండి, ఆ రోజు ఎక్కడుండాలో అక్కడ మొదలుపెట్టండి. వదిలేసిన భాగాల నంబర్లు నోట్‌బుక్ వెనక రాసుకోండి. ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా ఇంకో యాభై రోజుల పండుగ కాలం ఉంది, ముందు అవి చదివేయండి, తర్వాత అపొస్తలుల కార్యములు పట్టుకోవచ్చు, 28 అధ్యాయాలు, ఒక్కోదాన్ని సగం సగం చేసుకుంటే పెంతెకొస్తు దాటిన కొన్నాళ్లకు అయిపోతాయి.