అద్దె కారులో యూరప్ తిరుగుతుంటే విన్యెట్ ముందే కొనకండి

మ్యూనిక్‌లో కారు తీసుకుని సాల్జ్‌బర్గ్ మీదుగా స్లొవేనియాలోని ల్యుబ్లియానా వెళ్దామనుకుంటే తలనొప్పి టోల్ దగ్గరే. కార్లకు జర్మనీలో టోల్ లేదు. ఆస్ట్రియా, స్లొవేనియా మోటార్‌వేలకు మాత్రం విన్యెట్, అంటే కొన్ని రోజులకింతని కట్టి తీసుకునే టోల్ పాస్, కావాలి. డిజిటల్ విన్యెట్ నంబర్ ప్లేటుకు ముడిపడి ఉంటుంది. అద్దె కారు నంబరేమో తాళం చేతికొచ్చే దాకా తెలీదు.

నేను చేసేది ఇంతే. తాళం తీసుకోగానే ప్లేటు ఫొటో తీస్తాను. పార్కింగ్‌లోనే కూర్చుని రెండు దేశాల అధికారిక సైట్లలో కొనేస్తాను: ఆస్ట్రియాకు 10 రోజులది, స్లొవేనియాకు వారానిది. వెతికితే ముందు కనిపించేవి తరచూ దళారీ సైట్లే, కమిషన్ అదనం. ఫొటో చూసి టైప్ చేస్తాను; ఇంగ్లిష్ O అక్షరానికి, సున్నాకి తేడా కళ్ళకి ఆనదు మరి. ఎప్పటినుంచి చెల్లుతుందో డబ్బు కట్టేముందే చూసుకోండి.

దారిలో కారు మార్చి ఇస్తే మాత్రం పాత విన్యెట్ కొత్త ప్లేటుకు పనికిరాదు. ఆస్ట్రియాలో టావర్న్, కారవాంకెన్ సొరంగాలకు విన్యెట్ ఉన్నా టోల్ విడిగా కట్టాలి.