షుగర్ స్ట్రిప్స్ రీకాల్ అయ్యాయట.. ఇప్పుడేం చేయాలి?

ఫలానా కంపెనీ టెస్ట్ స్ట్రిప్స్ వెనక్కి తీసుకుంటున్నారని వాట్సాప్‌లో మెసేజ్ రాగానే కొందరు డబ్బా తీసి చెత్తబుట్టలో పడేస్తారు, ఇంకొందరు మనకెందుకులే అని అదే వాడుతూ ఉంటారు. రెండూ వద్దు. డబ్బా పారేస్తే దాని మీదున్న లాట్ నంబరు (ఒక విడతలో తయారైన సరుకుకి ఇచ్చే నంబరు) కూడా పోతుంది, అది లేకుండా మీ ఇంట్లో ఉన్నది ఆ సరుకో కాదో తేల్చలేం.

1. వాడటం ఆపి, డబ్బా పక్కన పెట్టండి
స్కెచ్ పెన్‌తో పెద్దగా "వాడొద్దు" అని రాయండి. లేకపోతే పొద్దున్నే అమ్మ అలవాటు కొద్దీ అదే డబ్బాలోంచి స్ట్రిప్ తీసేస్తుంది.

2. లాట్ నంబరు చూడండి
రీకాల్ అంటే చాలాసార్లు బ్రాండ్ మొత్తం కాదు, కొన్ని లాట్లు మాత్రమే. అట్టపెట్టె మీదా, స్ట్రిప్స్ ఉండే చిన్న డబ్బా మీదా ఒక గడిలో ఎల్, ఓ, టీ అని ఇంగ్లిష్ అక్షరాలుంటాయి, పక్కనున్నదే లాట్ నంబరు. ఇసుక గడియారం బొమ్మ పక్కన ఉండేది ఎక్స్‌పైరీ, ఫ్యాక్టరీ బొమ్మ పక్కన ఉండేది తయారైన తేదీ, వాటితో కలిపేసుకోకండి. అక్షరాలు మరీ చిన్నవైతే ఫొటో తీసి జూమ్ చేయండి.

3. ఎక్కడ కొన్న డబ్బానో గుర్తు తెచ్చుకోండి
ఇక్కడ కొన్నదైతే కంపెనీ వెబ్‌సైట్‌లో, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో సైట్‌లో చూడొచ్చు. మన ఇళ్లలో అసలు చిక్కు అమెరికా నుంచి సూట్‌కేసులో వచ్చే స్ట్రిప్స్‌తో. అక్కడ ఆ లాట్ రీకాల్ అయినా ఇక్కడి మెడికల్ షాపువాడికి ఆ కబురు రాదు, కాబట్టి తెచ్చిన అబ్బాయో అమ్మాయో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సైట్‌లో వెతికి చెప్పాలి. అక్కడ క్లాస్ 1 అని ఉంటే అన్నిటికన్నా ప్రమాదకరమైనదని అర్థం, ఫస్ట్ క్లాస్ అని మురిసిపోయే సంగతి కాదు.

4. పాత రీడింగులు తిరగేయండి
డబ్బు వాపసు సంగతి తర్వాత, ముందు ఇది. లోపం ఎటువైపు ఉందో నోటీసులో చదవండి. ఉన్నదానికన్నా తక్కువ చూపించే స్ట్రిప్ అయితే, షుగర్ పెరుగుతున్నా అంతా బాగానే ఉందనుకుంటాం. ఎక్కువ చూపించేది ఇంకా భయంకరం, ఎందుకంటే ఆ అంకె నమ్మి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే మీటర్ ఏం చెప్పినా ఒంటినే నమ్మి డాక్టర్‌కి ఫోన్ చేయండి. డోసు మాత్రం సొంతంగా మార్చకండి.

అనుమానం ఉంటే పరగడుపున ల్యాబ్‌లో రక్తం ఇచ్చి, అదే సమయానికి మీటర్‌లో కూడా చూడండి. తిన్నాక పోల్చితే వేలి రక్తంలో షుగర్ కాస్త ఎక్కువే ఉంటుంది, లెక్క కుదరదు. మీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ ప్రకారం ల్యాబ్ విలువ 100 లోపు ఉంటే 15 అంకెలు, ఆపైన 15 శాతం తేడా వరకు ఫర్వాలేదు. పది అంకెల తేడాకే కంగారు పడొద్దు.

5. రీకాల్ అయింది ల్యాబ్ వాడే టెస్ట్ కిట్ అయితే
మన చేతికొచ్చే రిపోర్టు మీద మామూలుగా కిట్ లాట్ నంబరు ఉండదు, కానీ పద్ధతిగా నడిచే ల్యాబ్‌లో ఏ తేదీన ఏ లాట్ వాడారో రాసి ఉంచుతారు. "నా శాంపిల్ రీకాల్ అయిన లాట్‌తో చేశారా?" అని సూటిగా అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, అవునంటే వేరే కిట్‌తో మళ్లీ చేయించుకోండి.

మళ్లీ చేయించడం చాదస్తమేం కాదు. అమెరికాలో పిల్లల రక్తంలో సీసం చూసే లెడ్‌కేర్ టెస్టులు, నరంలోంచి తీసిన రక్తంతో చేసినప్పుడు, అసలు కన్నా తక్కువ చూపిస్తున్నాయని 2017లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ టెస్టులో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాముల కన్నా తక్కువ వచ్చిన ఆరేళ్ల లోపు పిల్లలకు మళ్లీ పరీక్ష చేయించమని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పింది. 2021లో అవే కిట్లు మళ్లీ రీకాల్ అయ్యాయి. లోపం సంగతి దాచారన్న కేసులో 2024లో వాటిని తయారుచేసే కంపెనీ నేరం ఒప్పుకుని 4.2 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకుంది. అంటే "నార్మల్" అని వచ్చిన రిపోర్టు పట్టుకుని నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులే ఎక్కువ నష్టపోయారు.

6. ఫిర్యాదు, డబ్బులు
బిల్లు, డబ్బా ఫొటో, తేడాగా వచ్చిన రీడింగులు దగ్గర పెట్టుకుని కంపెనీ కస్టమర్ కేర్‌కి చేయండి, నంబరు మాత్రం డబ్బా మీదున్నదే. రిఫండ్ ఇస్తామంటూ ఎవరైనా వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకుండా ఫోన్ పెట్టేయండి. ఎవరికైనా హాని జరిగితే, జరగబోయి తప్పినా సరే, వైద్య పరికరాల భద్రత చూసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి చెప్పొచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. కంపెనీ డబ్బా తీసుకెళ్లేదాకానో, పారేయమని చెప్పేదాకానో దాన్ని అలాగే ఉంచండి.