భూమి కదిలిందా, తల తిరిగిందా?

2024 డిసెంబరు 4, ఉదయం 7:27. హబ్సిగూడలోని మా ఐదో అంతస్తు ఇంట్లో ఫిల్టరులో డికాక్షన్ దిగుతోంది. ఉన్నట్టుండి అలమరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. నాకు బీపీ ఉంది, అందుకే వంటగట్టు పట్టుకుని ముందు నన్నే అనుమానించుకున్నాను. పూజగదిలో గొలుసుకు వేలాడే దీపాన్ని చూశాక గాని నమ్మకం కుదరలేదు. గాలి లేదు, అయినా ఊగుతోంది. కిందికి వెళ్లి చెబితే వాచ్‌మన్, “అమ్మా, మాత్ర వేసుకున్నారా?” అని అడిగాడు.

పైన నాకు తెలిసిందీ నిజమే, కింద అతనికి తెలియకపోవడమూ నిజమే. ములుగు జిల్లాలో వచ్చిన ఆ భూకంపం తీవ్రత 5.3. మా ఇంటికి 200 కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం వచ్చేసరికి గబగబా అదిరే కంపనాలు దారిలోనే నీరసించిపోతాయి. నెమ్మదిగా ఊపే అలలు మిగులుతాయి. వాటికి పై అంతస్తులు ఊగుతాయి, నేల మీద నిలబడ్డవాళ్లకు చాలాసార్లు ఏమీ తెలియదు.

కాబట్టి అనుమానం రాగానే వేలాడే వస్తువు ఏదైనా చూడండి. దీపం, మేకుకు తగిలించిన తాళాల గుత్తి, ఏదైనా సరే. తిరుగుతున్న ఫ్యాను సాక్ష్యం చెల్లదు, మా ఇంట్లోదైతే రోజూ భూకంపమే. ఏదీ లేకపోతే గిన్నెలో నీళ్లు చూడండి. తల తిరిగితే నీళ్లు కదలవు.

ఊపు ఆగేదాకా మెట్ల వైపు, లిఫ్టు వైపు, బాల్కనీలోకి పరుగెత్తకండి. స్టవ్వు చేతికందే దూరంలో ఉంటే ఆపేయండి. అద్దాలకు, బీరువాకు దూరంగా జరిగి, గట్టి బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోండి. ఆగాక గ్యాస్ వాసన వస్తోందేమో చూడండి. వస్తుంటే రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తెరవండి, స్విచ్చులు ముట్టుకోవద్దు.

గడియారం చూసి సమయం రాసుకోండి. ముందు చిన్న అదురు, తర్వాత పెద్ద ఊపు తెలిస్తే, మధ్యలోని సెకన్లను 8తో గుణించండి. ఎన్ని కిలోమీటర్ల దూరమో ఉజ్జాయింపుగా వస్తుంది. మెరుపు చూసి ఉరుము కోసం లెక్కపెట్టినట్టే. ఆ లెక్కన నాకు 25 సెకన్లు దాటాలి. నేనెక్కడ లెక్కపెట్టాను, గట్టు పట్టుకోవడంతోనే సరిపోయింది!

వివరాలకు జాతీయ భూకంప అధ్యయన కేంద్రం వెబ్‌సైటు చూడండి. ఆ రోజే మా ఆడపడుచు వాట్సాప్‌లో, “రాత్రి 11కు ఇంకా పెద్దది వస్తుందట వదినా” అని పంపింది. మళ్లీ కదలవచ్చు, అది వేరే మాట. ఎన్ని గంటలకో చెప్పే విద్య ఇంకా ఎవరికీ పట్టుబడలేదు.

సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ల సంగతి వేరు. 2004 డిసెంబరు 26న సుమత్రా భూకంపం ఊపు చెన్నైలోనూ తెలిసింది. సునామీ అల వచ్చింది రెండు గంటలు దాటాక. ఊపు చాలాసేపు సాగినా, నీళ్లు వెనక్కి తగ్గినా, హెచ్చరిక కోసం చూడకుండా ఎత్తైన చోటికి వెళ్లిపోండి.

మా వంటగదిలోంచి పూజగది సరిగా కనిపించదు. అందుకే కిటికీ ఊచకు పాత తాళంచెవి ఒకటి దారంతో వేలాడదీశాను. పనమ్మాయి అది దిష్టి కోసం అనుకుంటోంది.